వసంతం వచ్చేసింది: పెరట్లో ముందు ఏ పని పట్టుకోవాలి?

చిట్టిమొలక
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఇల్లు మారాం. వెనక ఒక మోస్తరు మడి ఉంది, ముందు గోడ వారగా పూలమొక్కలు, కొన్ని కుండీలు. పగలు వెచ్చబడింది కానీ తెల్లవారుజామున ఇంకా చల్లగానే ఉంటోంది. మట్టి తవ్వడం, ఎరువు వెయ్యడం, నారు పొయ్యడం, గులాబీలు కత్తిరించడం, పాత చెత్త ఊడ్చడం... అన్నీ ఒకేసారి మీద పడ్డట్టుంది. పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ అరగంట మించి కుదరదు. ఏది ముందు, ఏది ఆగినా పర్లేదు, ఏది తొందరపడితే చెడుతుంది? టమాటా, మిరప, వంగ, బెండ, సొర, బీర, కొంచెం ఆకుకూరలు వేద్దామని. గులాబీ, మల్లె, చామంతి ముందువాళ్లు పెట్టినవే ఉన్నాయి. బంతి, జిన్నియా కొత్తగా వేస్తాను.

పాతపార
ముందు మట్టి సంగతి చూడండి. చూడండి అన్నాను, తవ్వమనలేదు. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో గట్టిగా నొక్కండి. చెయ్యి తెరిచి ఆ ముద్దని బొటనవేలితో పొడవండి. పొడిపొడిగా రాలిపోతే పార పట్టుకోవచ్చు. ముద్ద అలాగే ఉండి వేలిముద్ర పడిందా, ఇంకా తడి ఎక్కువుంది. ఆ తడిలో తవ్వితే మట్టిలో గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. ఎండాక గడ్డలు రాయిలా బిగుసుకుంటాయి, సీజనంతా వాటితోనే వేగాలి. నాలుగు రోజులు ఆగితే పోయేదేం లేదు.

మడి మధ్యలో నడవకండి. చెయ్యి అందకపోతే ఓ చెక్క పలక వేసి దాని మీద నిలబడండి.

ఎరువు విషయానికొస్తే, బాగా మాగిన పశువుల ఎరువో కంపోస్టో రెండంగుళాల మందాన పరిచి పైపైన నాలుగైదు అంగుళాల లోతులో కలిపితే చాలు. అడుగు లోతు తిరగెయ్యాల్సిన పని లేదు. అలా చేస్తే కింద నిద్రపోతున్న కలుపు గింజలు పైకొచ్చి వెలుతురు తగిలి మొలుస్తాయి.

చిట్టిమొలక
థాంక్సండీ. మాగిందో లేదో ఎలా తెలుస్తుంది?

పాతపార
వాసన చూస్తే తెలిసిపోతుంది. మాగినదానికి అడవిమట్టి వాసన వస్తుంది, వేసినవేవీ వేటికవి గుర్తుపట్టేలా ఉండవు, చెయ్యి పెడితే వెచ్చగా ఉండదు. ఘాటుగా ముక్కుకి కొడుతోందంటే ఇంకా అమోనియా పోలేదు, లేత వేర్లు మాడిపోతాయి. పచ్చి ఎరువులో రోగక్రిములు కూడా ఉంటాయి కాబట్టి పచ్చిగా తినే కూరలున్న మడిలో అసలు వద్దు. కోతకి కనీసం నాలుగు నెలల ముందు వేసి ఉంటే తప్ప.

మంచుఅంచు
నేనుండే చోట వసంతంలో కూడా రాత్రిళ్లు మంచు పడుతుంది, అందుకే ఒక మాట. క్యాలెండర్ చూసి విత్తకండి, థర్మామీటర్ చూసి విత్తండి. మామూలు కిచెన్ థర్మామీటర్‌ని పొద్దున్నే రెండు మూడంగుళాల లోతులో గుచ్చి చూడండి. బెండకి మట్టి వేడి 18 డిగ్రీల సెల్సియస్ లోపుంటే గింజ మొలవదు, ఉబ్బి కుళ్లిపోతుంది. 25 దాటాక వేస్తే అదే గింజ వారంలో పైకొస్తుంది. సొర, బీర కూడా అంతే. పాలకూర, ముల్లంగి, బఠాణీ అయితే 10 డిగ్రీలకే మొలుస్తాయి, వాటికి ఇప్పుడే టైమ్.

గాలి వేడెక్కినంత తొందరగా మట్టి వేడెక్కదు. మధ్యాహ్నం ఎండ చూసి అందరూ పొరపడేది ఇక్కడే.

ఎండకన్ను
మంచుఅంచు గారు చెప్పింది వాళ్ల చోటికి సరిపోతుంది. మాకు వసంతం అంటే ఒక్క గుక్క, కన్ను మూసి తెరిచేలోగా మండువేసవి. టమాటా నారు ఆలస్యంగా పెడితే పూత వచ్చేసరికి పగలు 35 దాటేస్తుంది, పుప్పొడి పాడైపోయి పూలన్నీ కాడతో సహా రాలిపోతాయి. చెట్టు పచ్చగా ఏపుగా ఉంటుంది, కాయ ఒక్కటి ఉండదు. వేడి ప్రాంతంలో ఉన్నవాళ్లు ఆగుతూ కూర్చుంటే సీజన్ పోయినట్టే.

మంచుఅంచు
ఆ మాటా నిజమే. అయితే రాత్రి 13 డిగ్రీల కంటే తగ్గినా టమాటా పూత నిలవదు. రెండు వైపులా గోడ ఉంది. మధ్యలో ఉన్న కిటికీ ఎవరికి ఎంత పొడవో చూసుకోవాలి. చిట్టిమొలక గారూ, మీకు రాత్రిళ్లు ఎంత ఉంటోంది?

చిట్టిమొలక
ఫోన్‌లో తెల్లవారుజామున 12, 13 చూపిస్తోంది. పగలు 28 దాకా వెళ్తోంది. ఎండాకాలం ఇక్కడ బాగానే మండుతుందట.

ఎండకన్ను
అయితే మీరు నా జట్టే. టమాటా, మిరప, వంగ నారు ఇవాళే ట్రేల్లో పోసెయ్యండి. ఇంట్లో వెచ్చటి చోట పెట్టండి. నారు తయారయ్యేసరికి రాత్రిళ్లు కూడా కుదుటపడతాయి. బెండ, తీగలు మాత్రం ఇంకో పదిహేను రోజులు ఆగండి.

గులాబీముల్లు
కూరగాయల వాళ్లు కాస్త జరగండి, గులాబీ కత్తిరింపు ఆగదు 🙂

చిగుళ్లు ఉబ్బుతున్నప్పుడే చెయ్యాలి. కణుపు దగ్గర చిన్న ఎర్ర బొడిపె కనబడుతుంది, అదే గుర్తు. ముందు ఎండిపోయిన కొమ్మలు మొదలంటా తియ్యండి. కొమ్మని కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికుంది, గోధుమరంగులో ఉంటే పోయింది. తర్వాత ఒకదానికొకటి రాసుకుంటున్నవాటిలో బక్కది తీసెయ్యండి. మధ్య ఖాళీ అయి గాలి ఆడితే బూడిద తెగులు, నల్లమచ్చ రెండూ తగ్గుతాయి.

మిగిలిన గట్టి కొమ్మల్ని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించండి. ప్రతి కోతా బయటివైపు చూస్తున్న మొగ్గకి పైన, ఓ అర సెంటీమీటర్ వదిలి, మొగ్గకి అవతలి వైపుకి వాలేలా ఏటవాలుగా ఉండాలి. నీళ్లు మొగ్గ మీద నిలవకుండా జారిపోతాయి. మరీ దగ్గరగా కోస్తే మొగ్గ ఎండుతుంది, మరీ ఎత్తులో కోస్తే పైన మిగిలిన మోడు ఎండుతూ కిందికి దిగుతుంది. కత్తెరకి పదును లేకపోతే కొమ్మ నలుగుతుంది, ముందు సాన పట్టించండి. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్లేటప్పుడు స్పిరిట్‌తో తుడవండి.

ఒక్క జాగ్రత్త. ఏడాదికి ఒకేసారి పూసే పాకుడు గులాబీ అయితే ఇప్పుడు ముట్టుకోవద్దు. అది పాత కొమ్మ మీదే పూస్తుంది. ఇప్పుడు కోశారంటే ఈ ఏడు పూలు లేనట్టే. పూత అయ్యాకే కత్తెర.

తీగమల్లి
మల్లె దీనికి పూర్తిగా వేరు. అది కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి ఎంత చిగురు వేయిస్తే అన్ని పూలు. చలి పోయేలోపు కత్తిరించి ఉంటే మంచిది. ఇంకా చిగుళ్లు రాకపోతే ఇప్పుడైనా ఫర్వాలేదు. కొమ్మల్ని మోకాలెత్తుకి తగ్గించి, మిగిలిన పాత ఆకు దూసెయ్యండి. మొదట్లో మట్టి గుల్ల చేసి ఎరువు వేసి నీళ్లు కట్టండి. మల్లెకి ఎండ బాగా పడాలి. నీడలో ఉంటే తీగ సాగుతుంది తప్ప మొగ్గ కట్టదు.

చిట్టిమొలక
చామంతి ఇప్పుడు పూలు లేకుండా గుబురుగా ఉంది. దాన్నీ కొయ్యాలా?

తీగమల్లి
కొయ్యడం కాదు, విడగొట్టాలి. మొక్క చుట్టూ పిలకలు వచ్చి ఉంటాయి. మధ్యలో ముదిరిన మొదలు పారేసి, వేరుతో ఉన్న పిలకల్ని విడివిడిగా నాటండి. జానెడు ఎత్తు రాగానే తల తుంచండి. పక్క కొమ్మలు వచ్చాక వాటి తలలూ తుంచండి. చామంతి పగళ్లు కురచ అయ్యాకే మొగ్గ వేస్తుంది. ఇప్పట్నుంచి వేసవి సగం దాకా తుంచుతూ పోయినా పూలు తగ్గవు, పైగా గుబురు పెరుగుతుంది. బంతికి కూడా ఒకసారి తల తుంచితే చాలు, గొడుగులా విచ్చుకుంటుంది.

కుండీకుటుంబం
జిన్నియా నారు పోసి నాటడం కన్నా నేరుగా విత్తడమే మేలు, దానికి వేరు కదిపితే నచ్చదు. చెప్పి వెళ్దామని వచ్చా.

పొద్దుతిరుగుడు
చెత్త ఊడ్చడం గురించి ఎవరూ చెప్పలేదు. నా సలహా, అది ఆఖర్న పెట్టుకోండి. అక్షింతల పురుగులు చలికాలమంతా ఎండుటాకుల కింద, పాత కాడల మధ్య దాక్కుంటాయి. బోలుగా ఉండే కాడల్లో ఒంటరి తేనెటీగలు గుడ్లు పెట్టి ఉంటాయి. చలి పూర్తిగా పోకముందే అంతా ఊడ్చి తగలబెడితే, నెల తర్వాత పేనుబంక (చిగుళ్ల రసం పీల్చే సన్నటి పురుగులు) పట్టినప్పుడు దాన్ని తినడానికి ఎవరూ ఉండరు. తెగులు పట్టిన ఆకులు మాత్రం వెంటనే తీసి బయట పారెయ్యండి, వాటిని కంపోస్టులో కూడా వెయ్యొద్దు.

పాతపార
సరిగ్గా చెప్పారు. శుభ్రంగా కనబడే తోట వేరు, ఆరోగ్యంగా ఉండే తోట వేరు. నాకైతే కాస్త చిందరవందరగా ఉన్న తోటే ఇష్టం. ఇంట్లో వాళ్లకి చెప్పి ఒప్పించడం ఇంకో కథ.

చిట్టిమొలక
అప్‌డేట్. మీరు చెప్పినట్టే నారు పోశాను, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సగం సగం. టమాటా బాగా మొలిచింది. మిరప ఇంకా రాలేదు. టమాటా మొలకలు మాత్రం సన్నగా, పొడుగ్గా సాగి ఒక పక్కకి వాలుతున్నాయి. రెండు మూడు మొలకలు మొదట్లో నల్లబడి సన్నబడి పడిపోయాయి. టెన్షన్‌గా ఉంది.

విత్తనాలసంచి
మూడూ వేర్వేరు సంగతులు.

సాగడం వెలుతురు చాలక. కిటికీ పక్కన ఉన్నా వెలుతురు ఒక్క వైపు నుంచే వస్తుంది కాబట్టి అటు వాలతాయి. వీలైతే పగలు బయట మెత్తటి ఎండలో పెట్టండి, లేదా ఎల్‌ఈడీ బల్బుని మొలకలకి జానెడు దూరంలో వేలాడదీసి రోజుకి 14, 16 గంటలు వెలిగించండి. అప్పుడప్పుడూ అరచేత్తో మెల్లగా నిమరండి. గాలికి ఊగినట్టు ఊగితే కాడ గట్టిపడుతుంది.

మొదలు నల్లబడి పడిపోయేది నారుకుళ్లు. పిథియం, రైజోక్టోనియా లాంటి బూజు జాతి క్రిములు తడి మట్టిలో చెలరేగుతాయి. పడిపోయినవాటికి వైద్యం లేదు, పక్కన మట్టితో సహా తీసెయ్యండి. పైన నీళ్లు చల్లడం ఆపండి. ట్రేని ఓ పళ్లెంలో నీళ్లలో పెట్టి కింద నుంచి తాగనివ్వండి, పైమట్టి తడి తేలగానే తీసి వార్చండి. మూతలాగా ఏదైనా కప్పి ఉంటే తీసెయ్యండి, గాలి ఆడాలి.

మిరపకి తొందరేం లేదు. 27, 28 డిగ్రీల వెచ్చదనం ఉంటే పది రోజులు, చల్లగా ఉంటే మూడు వారాలు కూడా పడుతుంది. తవ్వి చూడకండి!

చిట్టిమొలక
తవ్వి చూద్దామనే అనుకుంటున్నా, ఎలా కనిపెట్టారు 😀 సాగిపోయిన టమాటాలు ఇక పనికిరావా?

విత్తనాలసంచి
బ్రహ్మాండంగా పనికొస్తాయి. టమాటా కాడ మట్టిలో కప్పబడిన చోటల్లా వేర్లు వేస్తుంది. నాటేటప్పుడు కింది ఆకులు తుంచేసి, పై రెండు జతల ఆకులు మాత్రమే బయట ఉండేలా లోతుగా పాతండి. గుంత అంత లోతు రాకపోతే కాడని ఏటవాలుగా పడుకోబెట్టి తల పైకి తిప్పండి, రెండ్రోజుల్లో అదే నిటారుగా లేస్తుంది.

ఎండకన్ను
మిరపకీ, వంగకీ ఇలాగే చెయ్యొచ్చా? ఒకాయన వీడియోలో అన్నిటికీ ఇదే మంత్రం అంటున్నాడు.

విత్తనాలసంచి
టమాటా అంత సులువుగా అవి కాడ నుంచి వేర్లు వెయ్యవు. ట్రేలో ఉన్న లోతుకి ఓ అంగుళం అటూ ఇటూ పెట్టండి. మరీ లోతుగా పాతి తడి నిలిస్తే కాడ కుళ్లే ప్రమాదమే ఎక్కువ.

మంచుఅంచు
నారు తయారైందని నేరుగా తెచ్చి మడిలో పెట్టకండి. లోపల పెరిగిన ఆకు మీద మైనపు పొర పల్చగా ఉంటుంది, మొదటి రోజే గట్టి ఎండ తగిలితే ఆకులు తెల్లగా కాలిపోతాయి. మొదట నీడలో గంట, రెండు గంటలు, తర్వాత పొద్దుటి ఎండ, అలా పెంచుకుంటూ వారం పది రోజులు అలవాటు చెయ్యాలి. నాటేది మబ్బు రోజునో సాయంత్రమో అయితే మొక్క రాత్రంతా తేరుకుంటుంది.

కుండీకుటుంబం
ఊతం కర్ర కూడా నాటిన రోజే పాతెయ్యండి. మొక్క పెరిగాక గుచ్చితే వేర్లు తెగుతాయి. దారం ఎనిమిది ఆకారంలో తిప్పి వదులుగా కట్టాలి, కాడ లావెక్కుతుంది కదా.

కొత్తపాదు
ఈ థ్రెడ్ ఫాలో అవుతున్నా, చాలా బాగుంది. నాకు పెరడు లేదు, బాల్కనీ మాత్రమే. టమాటాకి ఎంత కుండీ కావాలి? రోజూ నీళ్లు పొయ్యాలా?

కుండీకుటుంబం
టమాటాకీ వంగకీ 15, 20 లీటర్ల మట్టి పట్టేది చూడండి. మిరపకి 10 చాలు. ఆకుకూరలకి లోతక్కర్లేదు, జానెడు లోతు వెడల్పాటి తొట్టి ఉంటే సరి. పాత కుండీ మట్టిని పారెయ్యక్కర్లేదు. వేర్లు ఏరేసి, మూడో వంతు కొత్త కంపోస్ట్ కలిపి వాడండి. అయితే కిందటిసారి టమాటా ఉన్న మట్టిలో మళ్లీ టమాటా, మిరప, వంగ, బంగాళాదుంప ఏదీ వెయ్యొద్దు. నాలుగూ ఒకే కుటుంబం, ఒకే తెగుళ్లు పంచుకుంటాయి. ఆ కుండీలో బీన్సో ఆకుకూరో వెయ్యండి.

నీళ్లకి రోజు లెక్క పెట్టుకోకండి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చండి. తడి తగిలితే వెళ్లిపోండి, పొడిగా ఉంటే కింద రంధ్రం నుంచి కారేదాకా పొయ్యండి. రోజూ ఓ గ్లాసు పోస్తే పైన మాత్రమే తడిసి వేర్లన్నీ పైకే వస్తాయి, మొదటి ఎండకే వాడిపోతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలు ఎండలో పక్కలు కాలి లోపల వేర్లని ఉడికిస్తాయి. పడమటి వైపు ఓ గోనెసంచి చుట్టండి.

కొత్తపాదు
టమాటా కాయల అడుగు నల్లబడకుండా గుడ్డు పెంకులు వెయ్యాలంటారు కదా? కుండీలో ఎన్ని వెయ్యాలి?

పాతపార
ఎన్ని వేసినా ఈ సీజన్‌కి పని చెయ్యవు. పెంకు మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది.

తీగమల్లి
మేం ఎప్పట్నుంచో వేస్తున్నాం, కాయలు బాగానే ఉంటున్నాయండీ. ఊరికే కొట్టిపారెయ్యకండి.

పాతపార
కొట్టిపారెయ్యడం లేదు తీగమల్లి గారూ, వేస్తే నష్టం లేదు. మీ కాయలు బాగుండటానికి కారణం మీరు నీళ్లు లెక్కగా పొయ్యడమే అంటాను. అడుగు నల్లబడేది కాయ కొసకి కాల్షియం అందక. చాలా తోటల్లో మట్టిలో కాల్షియం ఉంటుంది, కాకపోతే అది నీళ్లతోనే పైకి ప్రయాణించాలి. రెండ్రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచేస్తే ఆ ప్రయాణం తెగిపోతుంది. ఆకులు ఎక్కువ నీళ్లు లాగుతాయి, కాయ తక్కువ లాగుతుంది, కాబట్టి కొరత ముందు కాయకే. నత్రజని ఎరువు ఎక్కువైనా ఇదే బాధ. మట్టి మీద రెండంగుళాల ఎండుటాకులు కప్పి, నీళ్లు ఒకే తీరుగా ఇవ్వండి. మొదటి ఒకటి రెండు కాయలు పోయినా తర్వాతవి బాగుంటాయి.

తీగమల్లి
సరే, ఒక కుండీలో పెంకులు, ఒక కుండీలో ఆకుల కప్పు వేసి చూపిస్తాను. పందెం.

పాతపార
ఒప్పుకున్నా. నీళ్లు మాత్రం రెండింటికీ ఒకే కొలత!

విత్తనాలసంచి
ఆకులు కప్పేవాళ్లకి చిన్న మాట. కాడకి ఆనించకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, లేకపోతే మొదలు చెమ్మకి కుళ్లుతుంది, నత్తలు కాపురం పెడతాయి. విత్తిన చోట మొలకలు బెత్తెడు ఎత్తు వచ్చాకే కప్పండి. చలి ప్రాంతం వాళ్లు మట్టి వేడెక్కాక కప్పండి, ముందే కప్పితే కింద చలి అలాగే ఉండిపోతుంది. ఎండుటాకుల్ని మట్టిలో కలిపెయ్యకండి. అవి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలో నత్రజనిని వాడేసుకుంటాయి, మొక్క పసుపెక్కుతుంది. పైన ఉంటే ఆ గొడవ లేదు.

చిట్టిమొలక
మళ్లీ నేనే. గులాబీ చిగుళ్ల నిండా ఆకుపచ్చ పేనుబంక. చీమలు కూడా బారులు కట్టాయి. వేప నూనె కొట్టెయ్యనా?

గులాబీముల్లు
ఆగండి. ముందు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, చిగురు వెనక చెయ్యి అడ్డం పెట్టి. కింద పడ్డ పేనుబంకలో చాలా భాగం మళ్లీ ఎక్కలేదు. రోజు విడిచి రోజు అలా రెండు మూడుసార్లు చేస్తే సగం పని అయిపోతుంది. చీమల దారి కూడా తెంపండి. పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి.

పొద్దుతిరుగుడు
మందు కొట్టేముందు దగ్గరికెళ్లి ఆకు అడుగున చూడండి. నల్లగా, పొడుగ్గా, ఒంటి మీద నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకే పురుగు కనిపిస్తే చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దదాన్ని అందరూ గుర్తుపడతారు, పిల్లని చూసి మాత్రం భయపడి నలిపేస్తారు. అది ఎదిగేలోపు వందల పేనుబంకల్ని తినేస్తుంది. ఆకు అడుగున పసుపుపచ్చటి గుడ్లు నిలువుగా గుంపుగా ఉంటే అవీ వాటివే.

ఎండకన్ను
పేనుబంక మరీ ఎక్కువైతే అప్పుడు వేప నూనె. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొద్దిగా మెత్తటి సబ్బునీళ్లు. ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి ఒక రోజు చూడండి. పొద్దు వాలాక, తేనెటీగలు వెళ్లిపోయాక కొట్టాలి. ఎండలో కొడితే నూనె పొర కింద ఆకు కాలుతుంది. ఆకు అడుగు తడవకపోతే కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే.

చిట్టిమొలక
నీళ్లు కొట్టాక చాలా తగ్గింది! మీరు చెప్పిన మొసలి పిల్లలు కూడా కనిపించాయి, మా వాడు భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. వేప నూనె పక్కన పెట్టేశా.

ఇంకో డౌట్. ఆకుకూరల మడిలో ధనియాలు, పాలకూర, తోటకూర మూడూ చల్లాను. తోటకూర ఒక్కటే వచ్చింది.

విత్తనాలసంచి
రాత్రిళ్లు వెచ్చబడ్డాయి కదా. తోటకూర ఎండ బిడ్డ, మిగతా రెండూ చలి బిడ్డలు. పాలకూరకి మట్టి 25 దాటితే మొలక తగ్గిపోతుంది. కొత్తిమీర వచ్చినా పొద్దు పెరిగి ఎండ ముదిరాక వెంటనే పూతకి పోతుంది. ధనియాలు చెప్పుతో మెల్లగా నలిపి రెండు బద్దలుగా చేశారా? ఒక్కో కాయలో రెండు గింజలుంటాయి. బద్దలు చేసి, రాత్రి నానబెట్టి, మధ్యాహ్నం నీడ పడే చోట వెయ్యండి. అదీ ఒకేసారి కాకుండా పది రోజులకో గుప్పెడు.

పాత గింజలైతే ముందు పరీక్ష చేసుకోండి. పది గింజలు తడిగుడ్డలో చుట్టి వెచ్చగా పెడితే ఆరేడు మొలిస్తే వాడొచ్చు. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మలేం. టమాటా, దోస నాలుగేళ్లయినా మొలుస్తాయి.

కొత్తపాదు
సొర, బీర కూడా ట్రేలో వెయ్యాలా? బాల్కనీకి పెద్ద గ్రో బ్యాగ్ ఒకటి తెచ్చా.

ఎండకన్ను
నేరుగా బ్యాగ్‌లోనే. తీగల వేరు కదిపితే కొన్నాళ్లు అలిగి కూర్చుంటుంది. గింజల్ని రాత్రి నానబెట్టి, రెండు మూడు పెట్టి, మొలిచాక బలమైనది ఒకటే ఉంచండి. తక్కినవి పీకకుండా కత్తెరతో కొయ్యండి, ఉంచినదాని వేరు కదలదు. సొర ఏడెనిమిది ఆకులు వేశాక తల తుంచితే పక్క తీగలు వస్తాయి. సొరకి ఆడపూలు పక్క తీగల మీదే ఎక్కువ.

కొత్తపాదు
కిందటిసారి పక్కింటివాళ్ల సొరకి పిందెలు వచ్చి, పసుపెక్కి రాలిపోయేవి. ఎరువు తక్కువా?

తీగమల్లి
ఎరువు కాదండీ, పుప్పొడి అందలేదు. ఆడపువ్వు అడుగున బొటనవేలంత బుల్లి సొరకాయ ముందే ఉంటుంది, మగపువ్వుకి సన్నటి కాడ మాత్రమే. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే. పొద్దున తేనెటీగలు వచ్చే వేళకి సొరపువ్వు ముడుచుకుపోయి ఉంటుంది. దాన్ని రాత్రి తిరిగే చిమ్మటలు చూసుకోవాలి, ఎత్తు బాల్కనీల్లోకి అవి అంతగా రావు. పొద్దుగుంకే వేళ అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకలు తుంచేసి, మధ్యలోని పసుపు పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి సరిపోతుంది. పిందె పట్టిందంటే రెండ్రోజుల్లో కాడ కిందికి వంగి నూగు మెరుస్తుంది.

మొదట కొన్నాళ్లు మగపూలే వస్తాయి, కంగారుపడి ఎరువులు గుప్పించకండి. నత్రజని ఎక్కువైతే ఆకులే వస్తాయి.

చిట్టిమొలక
టమాటాలు నాటేశాను, ఏటవాలుగా పడుకోబెట్టే. మూడో రోజుకి తలలు లేచాయి. బెండ ఇవాళ విత్తుతున్నా, పొద్దున మట్టి 24 చూపించింది. బెండ వరుసల మధ్య ఎంత వదలాలి?

పాతపార
వరుసకీ వరుసకీ రెండడుగులు, మొక్కకీ మొక్కకీ అడుగు. మొలకప్పుడు చాలా ఖాళీగా కనిపిస్తుంది, మధ్యలో ఇంకోటి ఇరికిద్దామని చెయ్యి లాగుతుంది. కావాలంటే ముల్లంగి చల్లుకోండి, బెండ ఎదిగేలోపు దాన్ని పీకేసుకోవచ్చు.

ఎండకన్ను
కాయ వేలంత కాగానే కోసెయ్యండి. రెండ్రోజులు చూడకపోతే పీచు పడుతుంది, చెట్టు కొత్త కాయలు వెయ్యడం తగ్గిస్తుంది. చేతులకి ఫుల్ స్లీవ్స్ వేసుకోండి, ఆ నూగుకి దురద.

కొత్తపాదు
బాల్కనీ గ్రిల్‌కి బీర పాకిస్తే గ్రిల్ ఎండకి కాలి తీగ మాడదా?

కుండీకుటుంబం
ఇనుప గ్రిల్ అయితే మాడుతుంది, ముఖ్యంగా పడమటి ఎండకి. గ్రిల్‌కి ఓ జానెడు లోపలగా నైలాన్ వల కట్టి దాని మీద పాకించండి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గట్టి తాడు ముందు లాగి కట్టండి. కాయలు దిగాక బరువుకి వల సాగి కిందికి జారుతుంది, అప్పుడు బిగించాలంటే తీగ తెగుతుంది.

కొత్తపాదు
ఈ ఆదివారమే కడతాను. ఫోటో పెడతా, తాడు ముడి సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పండి.